పల్లపు సీమ కాళ్ళకు కొండదారి సాధన

సైకిల్ పందెంలో దిగబోయే క్రీడాకారుడు, పందేనికి కొన్ని వారాల ముందు నిటారైన కొండదారిని వెతుక్కుంటూ వెళ్ళి, దాన్ని మళ్ళీ మళ్ళీ ఎక్కి దిగడాన్ని కేవలం కసరత్తుగా లెక్కగట్టడం ఆ విద్యకు చేసే అన్యాయం. ఉన్న బలాన్ని చివరి మలుపు దాకా సరిపోయేటట్టు కొలిచి ఖర్చుపెట్టడం అక్కడ తప్ప మరెక్కడా పట్టుబడదు. గోదావరి డెల్టాలో పూలమొక్కల నర్సరీలున్న కడియం వంటి ఊళ్ళలో ఈ మాట మరీ నిజం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి గోదావరి నీళ్ళు కాలువల్లోకి మళ్ళిన నాటి నుంచి ఈ సీమ పచ్చబడింది గాని, ఎత్తు మాత్రం పెరగలేదు. నర్సరీల మధ్య సాగే దారిలో సైకిలుకు ఎదురయ్యే అతి పెద్ద ఎగుడు కాలువ వంతెనే. మొక్కల కట్టలను క్యారియరుకు కట్టుకుని గట్ల వెంబడి తొక్కిన కాళ్ళకు దమ్ము లేదని ఎవరూ అనలేరు; ఆ దమ్ముకు పరీక్ష పెట్టే కొండ మాత్రం ఊరి పక్కన లేదు.

ఆ కొండ కోసం ఉత్తరంగా పోవాలి. రాజమహేంద్రవరం, గోకవరం, రంపచోడవరం దాటి మారేడుమిల్లి చేరేసరికి నేల ముడతలు పడుతుంది, అడవి దారిని కమ్ముకుంటుంది. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు సాగే ఘాట్ రోడ్డులో, వచ్చిన దిక్కుకే తిరిగినట్టు వంగే హెయిర్‌పిన్ మలుపులు ఒకదాని తరువాత ఒకటి ఎదురవుతాయి. డెల్టా సైకిలిస్టుకు ఇంతకంటె దగ్గరలో ఇంతకంటె మంచి పాఠశాల దొరకదు.

ఎగుడును శాతంలో కొలుస్తారు. నూరు మీటర్ల దూరానికి దారి ఆరు మీటర్లు లేస్తే అది 6 శాతం ఎగుడు. 75 కిలోల మనిషి 10 కిలోల సైకిలు మీద ఆ దారిన గంటకు 12 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, సెకనుకు 20 సెంటీమీటర్ల చొప్పున పైకి లేస్తాడు. బరువును ఎత్తడానికే దాదాపు 167 వాట్ల శక్తి పోతుంది. పల్లంలో శత్రువు గాలి. వంగి తొక్కినా, ముందున్న సైకిలు చాటున దాక్కున్నా అది కొంత కరుణిస్తుంది. కొండ మీద శత్రువు సొంత బరువే కాబట్టి దాక్కోవడానికి చాటు లేదు. మే నెలలో ఎదురుగాలికి కాలువ గట్టు మీద తొక్కితే ఘాట్‌తో సమానమని కొందరు వాదిస్తారు. ఎదురుగాలి పట్టుదలను పెంచుతుంది, అందులో సందేహం లేదు; అయితే వేగం కాస్త తగ్గిస్తే గాలి భారం తగ్గిపోతుంది, కొండ మీద ఎత్తవలసిన బరువు ఒక్క గ్రాము కూడా తగ్గదు.

ఇక్కడే గేర్ల విషయం వస్తుంది. ముందు పళ్ళ చక్రానికి 44, వెనుక ఫ్రీవీలుకు 18 పళ్ళు ఉన్న మామూలు సైకిలు, పెడలు ఒక చుట్టు తిరిగితే సుమారు ఐదున్నర మీటర్లు నడుస్తుంది. పైన చెప్పిన వేగంలో నిమిషానికి 37 చుట్లు మాత్రమే పడతాయి, ప్రతి చుట్టూ మోకాలిని పిండేస్తుంది. ముందు 34, వెనుక 34 పళ్ళు పెట్టుకుంటే చుట్టుకు రెండు మీటర్ల పైచిలుకే నడుస్తుంది గాని, అదే వేగానికి 95 చుట్లు తేలికగా పడతాయి. చేసే పని ఒక్కటే అయినా, మొదటి పద్ధతిలో భారం కండరాల మీద, రెండవ పద్ధతిలో గుండె, ఊపిరితిత్తుల మీద పడుతుంది. కండరం అలిసిపోతే ఆనాటికి తేరుకోదు, ఊపిరి మాత్రం రెండు మలుపుల్లో తేరుకుంటుంది. పెద్ద గేరుతో కుమ్మి తొక్కడమే మగతనమనుకునేవారి మాట ఏమైనా, చిన్న గేరుతో గలగలా తిప్పే పద్ధతే ఉత్తమమని ఈ వ్యాసం నిస్సంకోచంగా చెబుతుంది.

నిజమైన నేర్పు సూక్ష్మాల్లో ఉంటుంది. ఎగుడు మొదలయ్యాక గేరు మారిస్తే చైను మీద బరువు పడి పళ్ళు కరకరలాడతాయి గనుక, దానికి ముందే మార్చాలి. నడుము పైభాగం కదలకూడదు. భుజాలు ఊగుతున్నాయంటే బలం దారి తప్పుతోందని అర్థం. వేళ్ళు హ్యాండిలును పట్టుకోవాలి గాని పిసకకూడదు. మలుపు లోపలి అంచు దగ్గరదారిలా కనిపించినా అక్కడే ఎగుడు అత్యంత నిటారుగా ఉంటుంది కాబట్టి, బండ్లు రాని చోట కొంచెం వెలుపలి వంపును పట్టుకునేవాడు తెలివైనవాడు. సీటు మీద నుంచి లేచి తొక్కాలంటే ముందుగా ఒక గేరు బరువు పెంచాలి. లేకపోతే కాలు ఒక్కసారిగా జారినట్టై సైకిలు వెనక్కి తన్నుతుంది, వెనుక వస్తున్నవాడి ముందు చక్రానికి తగులుతుంది. దిగేటప్పుడు బ్రేకు మలుపులో కాదు, మలుపుకు ముందే పట్టాలి. వెలుపలి పెడలును కిందికి నొక్కి ఉంచి, చూపును మలుపు ముగిసే చోట నిలపాలి. మంచి సైకిలిస్టు ఘాట్ ఎక్కుతుంటే చూడటం గొప్ప అనుభవం: కాళ్ళు తప్ప ఏదీ కదలదు, మంచి సన్నాయి విద్వాంసుడి ఊపిరిలా తొక్కుడు ఎక్కడా తెగదు.

సాధన క్రమం క్లుప్తంగా ఇది: ఎనిమిదేసి నిమిషాలు గట్టిగా ఎక్కి, నెమ్మదిగా దిగి, మళ్ళీ ఎక్కడం, ఇలా నాలుగుసార్లు, వారానికి రెండు రోజులకు మించకుండా. పందేనికి పది రోజుల ముందు ఆఖరి కఠిన సాధన ముగించి, ఆపైన కాళ్ళకు విశ్రాంతి ఇవ్వాలి. జేబులో చక్కెరకేళి అరటిపళ్ళు, సీసాలో ఉప్పు వేసిన మజ్జిగ తేట ఉంటే కొన్నవేవీ అక్కరలేదు.

చరిత్ర విషయానికొస్తే, టూర్ ద ఫ్రాన్స్ పందెం 1910లో పిరనీస్ పర్వతాల్లో టూర్మలే కనుమను ఎక్కింది. గేర్లు మార్చే పరికరాన్ని ఆ పందెం 1937లో గాని అనుమతించలేదు. కొండవీరులలో అగ్రగణ్యుడు షార్లీ గాల్. 1956 జూన్ 8న ఇటలీలోని మోంటే బొండోనే కొండ మీద మంచు తుపానులో పదుల మంది పందెం వదిలేసుకుంటే, 16 నిమిషాలకు పైగా వెనుకబడి ఉన్న గాల్ ఒంటరిగా ఎక్కి ఆ ఏటి జిరో డి ఇటాలియా పందేన్నే గెలుచుకున్నాడు. రెండేళ్ళ తరువాత మాన్ వాంటూ పర్వతాన్ని 1 గంట 2 నిమిషాల 9 సెకన్లలో ఎక్కాడు. అతని స్వదేశం లక్సెంబర్గులో అతి ఎత్తైన చోటు సముద్రమట్టానికి 560 మీటర్లే!

పల్లపు సీమవాళ్ళు కొండలను గెలవగలరనడానికి అంతకంటె గొప్ప సాక్ష్యం హాలెండుది. అది నదుల డెల్టా, గట్లు కట్టి సముద్రాన్ని ఆపుకున్న నేల, కాలువల దేశం. కడియం రైతు అక్కడికి వెళితే పరాయి చోటనిపించదు. ఫ్రాన్సులోని ఆల్ప్ ద్యుయేజ్ కొండదారి 13.8 కిలోమీటర్లు, సగటున 8 శాతం ఎగుడు. 1976 నుంచి 1989 దాకా టూర్ ద ఫ్రాన్స్ అక్కడ 13 సార్లు ముగిస్తే, 8 సార్లు గెలిచింది ఈ పల్లపు దేశపువాళ్ళే: యోప్ జూటెమెల్క్, హెన్నీ కైపర్, పీటర్ విన్నెన్ రెండేసి సార్లు, స్టీవెన్ రూక్స్, గెర్ట్-యాన్ టెనిస్సె ఒక్కోసారి. 2024లో మహిళల టూర్ చివరి అంకంలో అదే శిఖరం మీద ముందుగా చేరింది డచ్చి యువతి డెమి వోలరింగ్. మొత్తం పందెం 4 సెకన్ల తేడాతో చేజారినా, ఆ ఎక్కుడు చూసినవారెవరూ మరిచిపోలేదు. పందేలలోకి రాకముందు ఆమె చేసింది పూల పని. పూలమొక్కలతోనే బతికే కడియంలో ఈ సంగతిని ప్రతి బడిలోనూ పిల్లలకు చెప్పాలి.

ఇంతటి విద్య ఇప్పుడు వేషంగా దిగజారుతోంది. ఇనుప గొట్టాలకు రంగు పూసి, పని చేయని స్ప్రింగులు తగిలించి, ఇరవై కిలోల బరువును "గేర్ల సైకిలు" పేరిట పిల్లలకు అంటగడుతున్నారు. మొదటి ఎగుడులోనే చైను ఊడుతుంది, పిల్లవాడు లోపం తన కాళ్ళదే అనుకుని సైకిలును గోడకు చేరుస్తాడు. పందెపు సైకిలును అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం 6.8 కిలోల కంటె తేలిక కానివ్వని కాలంలో, ఈ మోసం క్షమించరానిది. మరికొందరు సైకిళ్ళను వ్యానులో కొండపైకి చేర్చి, కిందికి జారుతూ వీడియోలు తీసుకుని ఘాట్ ఎక్కామని చెప్పుకుంటారు. బ్యాటరీ సైకిలు ముసలివారికి, మోకాళ్ళ నొప్పులవారికి వరమే. సాధన పేరిట దాన్ని ఎక్కడం అబద్ధం. ఇక ఉత్ప్రేరక మందుల సంగతి. 1978లో ఆల్ప్ ద్యుయేజ్ మీదికి ముందు చేరిన మిషెల్ పొలంటియే మందుల పరీక్షలో మోసానికి ఒడిగట్టి వెళ్ళగొట్టబడ్డాడు, గెలుపు కైపర్‌కు దక్కింది. మాన్ వాంటూ ఎండలో 1967లో ప్రాణం విడిచిన టామ్ సింప్సన్ కథ కూడా ఈ మందులదే. కొండను దొంగతనంగా ఎక్కినవాళ్ళను, ఎంత వేగంగా ఎక్కినా, వీరుల వరుసలో కూర్చోబెట్టకూడదు.

ఘాట్ దారి సైతం పాడవుతోంది. సెలవు రోజుల్లో కార్ల బారు మలుపుల్లో అడ్డదిడ్డంగా ఆగుతుంది. పగిలిన సీసాల పెంకులు సన్నటి టైర్లను కోసేస్తాయి. నెలకు ఒక్క ఆదివారం, తెల్లవారినప్పటి నుంచి తొమ్మిది గంటల దాకా ఆ దారిని సైకిళ్ళకు వదిలితే అధికారులకు ఖర్చేమీ లేదు. నర్సరీ యజమానులు తలుచుకుంటే, తమ దగ్గర పనిచేసేవారి పిల్లల్లో ఊపిరి గలవాళ్ళను ఏరి, పదిమందికి మంచి సైకిళ్ళు కొనిపెట్టడం కష్టమూ కాదు. ఆల్ప్ ద్యుయేజ్‌లో 21 మలుపులకు పైనుంచి కిందికి అంకెలు వేసి, ఒక్కోదాని మీద గెలిచినవారి పేర్లు రాశారు. మారేడుమిల్లి దాటాక వచ్చే మలుపులకు ముందు అంకెలైనా రాయిస్తే, పేర్ల కోసం పలకల కింది భాగాన్ని ఖాళీగా ఉంచవచ్చు.