రిబ్బను చుట్టిన పత్తికాయ

నేను మొదటిసారి పత్తికాయ గీసింది చేలో కాయను చూసి కాదు. ఎమ్మిగనూరులో నాన్న గుంతమగ్గం పక్కన కూర్చుని, నోటు పుస్తకానికి అట్టగా వేసుకున్న ‘సోవియట్ భూమి’ కాగితంలో ఉన్న బొమ్మను చూసి గీశాను. అది సోవియట్ ఉజ్బెకిస్తాన్ రాజ్యచిహ్నం. గోధుమ కంకులు, పత్తి కొమ్మలు, మధ్యలో పొద్దుపొడుపు, సుత్తీ కొడవలీ. మన రాజముద్ర మీదేమో సారనాథ్ సింహాలు. ఆదోని యార్డులో బోరాల్లో నింపే పత్తి ఒక రాజ్యానికి గుర్తు కావడమేమిటని ఎంత ఆశ్చర్యపోయానో!

అప్పటినుంచీ సోవియట్ చిహ్నాలు గీస్తూనే ఉన్నాను. గీసేకొద్దీ వాటి కథ తెలిసింది. 1918లో జార్ల రెండు తలల గద్దను తీసేసి కొత్త చిహ్నం గీసినప్పుడు, ముసాయిదాలో కత్తి ఉండేది. లెనిన్ దాన్ని తీసేయించాడు. 1923లో వచ్చిన సోవియట్ చిహ్నంలో కంకులకు చుట్టిన ఎర్ర రిబ్బను మీద ఒకే నినాదాన్ని రిపబ్లిక్‌ల భాషలన్నిటిలో రాశారు. రిపబ్లిక్‌లు పెరిగితే చుట్లు పెరిగేవి. 1956లో కరేలియా రిపబ్లిక్ హోదా పోయింది, ఫిన్నిష్ మాటలున్న చుట్టు పోయింది, పదిహేను మిగిలాయి. తుర్క్‌మెన్ చిహ్నంలో తివాచీ ఉంది. పడుగూ పేకా తెలిసిన ఇంట్లో పుట్టినవాణ్ణి కదా, దాన్ని గీసేటప్పుడు చెయ్యి దానంతటదే నెమ్మదిస్తుంది.

మా ఊళ్లో 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం పెట్టారు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నేతపనికి దక్కిన ఆ గౌరవాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఛాతీ పొంగుతుంది. గోడల మీద కంకి కొడవలి గుర్తు చూసినా అంతే. పండించే చేతికి, నేసే చేతికి ఒక బొమ్మలోనైనా చోటు దొరకాలని నా పట్టుదల.

కానీ ఆ ఉజ్బెక్ పత్తి కొమ్మ మునుపటంత హాయిగా గీయలేకపోతున్నాను. 1960ల నుంచి అమూ దర్యా, సిర్ దర్యా నీళ్లను చేలకు, ముఖ్యంగా పత్తికి మళ్లించారు. అరల్ సముద్రం చాలామటుకు ఎండిపోయింది. బడిపిల్లల చేత కూడా పత్తి తీయించారు. 1992లో స్వతంత్ర ఉజ్బెకిస్తాన్ సుత్తీ కొడవలీ తీసేసింది, పత్తిని మాత్రం ఉంచుకుంది. ఏ చిహ్నంలో చూసినా కాయ గుండ్రంగా, నున్నగా, తెల్లగా ఉంటుంది.

పోయిన వారం ఆదోని దగ్గర చేలో పత్తి తీస్తున్న ఒకమ్మను అడిగి, విచ్చిన కాయ ఒకటి తెచ్చుకున్నాను. “పైలం నాయనా, గుచ్చుకుంటాది” అంది. ఆమె వేళ్ల కొసలు చీరుకుపోయి ఉన్నాయి. ఎండిన డిప్ప మొనలు సూదుల్లా ఉన్నాయి. ఆ రాత్రి దూది జోలికి పోకుండా మొనలు మాత్రమే గీశాను.