వికీపీడియా చర్చాపుటలలో వాదమర్యాద

నైయాయికులు కథను వాదము, జల్పము, వితండ యని మూడు విధములుగా విభజించిరి. తత్త్వనిర్ణయమునకై సాగునది వాదము. గెలుపుకొఱకు ఛలజాతినిగ్రహస్థానములను సైతము ప్రయోగించునది జల్పము. స్వపక్షస్థాపన లేక పరపక్షఖండనమే పనిగా గలది వితండ. ఈ విభాగము నేటి యొక వాఙ్మయరాశికి ఎంతవఱకు అన్వయించునో పరిశీలింతము. ఆ రాశి వికీపీడియాలోని చర్చాపుటలు.

2001 జనవరిలో ఆంగ్లమున ఆరంభమైన ఈ విజ్ఞానసర్వస్వమునకు 2003 డిసెంబరునుండి తెలుగు రూపమును కలదు. వ్రాయువారు వేతనము లేని స్వచ్ఛంద సంపాదకులు. ప్రతి వ్యాసమునకును వెనుక నొక చర్చాపుట యుండును. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి ఆంధ్రవిజ్ఞానసర్వస్వము వంటి గ్రంథమున ఇట్టి తగవు సంపాదకుని బల్లమీదనే తీరును, పాఠకునికి కనబడదు. ఇచట తగవుతోపాటు త్రోసివేసిన పాఠములు కూడ తేదీలతో నిలిచియున్నవి. పాఠపరిష్కరణము చేయువారికి ఇట్టి సామగ్రి దుర్లభము.

ఒక్క ఉదాహరణము చాలును. బాల్టిక్ తీరమందలి యొక పట్టణమును పోలండువారు గ్దాన్‌స్క్ అనియు, జర్మనులు డాన్‌జిగ్ అనియు అందురు. ఆంగ్ల వికీపీడియాలో ఉభయపక్షములవారును ఈ పేరుకై ఒకరి వ్రాతను ఒకరు చాలకాలము తుడిచివేయుచు వచ్చిరి. తుదకు 2005లో ఓట్లు పెట్టి, 1308 మొదలు 1945 వఱకు డాన్‌జిగ్ అనియు, తక్కిన కాలములకు గ్దాన్‌స్క్ అనియు నిర్ణయించుకొనిరి. (ఏకశిలానగరమా, ఓరుగల్లా, వరంగల్లా యని తడబడిన చరిత్రకారునికి ఈ చిక్కు క్రొత్తది కాదు.) నిర్ణయము అసంగతము కాదు. ఆ నడుమ మూడు శతాబ్దములకు పైగా పట్టణము పోలండు రాజుల యేలుబడిలో నున్నను, పౌరులలో అధికులు జర్మను భాషీయులే. కాని ఏలుబడి ప్రమాణమా, పౌరుల భాష ప్రమాణమా, ఆంగ్లగ్రంథముల వాడుక ప్రమాణమా యను మూలప్రశ్నకు ఓట్ల లెక్క సమాధానము చెప్పదు. నిర్ణయమున్నది, హేతువు లేదు.

ఇక మర్యాదాసూత్రములు. ఎదుటివాని యుద్దేశము మంచిదేయని తలపవలెను. వ్యక్తిని గాక వ్రాతను విమర్శింపవలెను. ఒకే పుటలో 24 గంటలలో మూడు పర్యాయములకు మించి ఇతరుల మార్పులను రద్దు చేయరాదు. ఇవి ప్రశస్తములే. మొదటిది మన శాస్త్రార్థసభలలో సైతము అందఱును పాటించినది కాదు. అయితే 2004లో పని ప్రారంభించిన మధ్యవర్తిసంఘము నడవడిని మాత్రమే విచారించును. విషయమున ఎవరి మాట నిజమో తేల్చదు. నైయాయికుల మధ్యస్థుడు చేయవలసిన ముఖ్యకార్యమే దాని పరిధికి వెలుపల నున్నది. ఫలితముగా, జల్పకుడు పరుషోక్తులవలన పట్టుబడును. వైతండికుడు పట్టుబడుట కష్టము. అతడు వినయముతో ప్రతి వాక్యమునకు ఆధారమడుగును, చూపినదానిని చాలదనును, తానేమియు ప్రతిపాదింపడు. విషయమెఱిగినవాడు విసిగి యొకనాడు కసరినచో, తప్పు కసరినవానిదే యగును.

మధ్యవర్తులే విషయనిర్ణయము చేయవచ్చును గదా యనవచ్చును. వారును పాండిత్యపరీక్షలేక ఎన్నికైన స్వచ్ఛంద సంపాదకులే. కనుక వారి సంయమమును నేను దోషముగా నెంచను. దోషము చదువరియందును కొంత కలదు. పరిశోధకవిద్యార్థి వ్యాసమునుండి ఒక పేరునో, తేదీనో గ్రహించునే కాని, దాని వెనుకనున్న చర్చాపుటను తెఱవడు. 1308 అను సంఖ్య ఆ పుటలోనే యున్నది.