లోహాల పట్టికలో ఖాళీ గడులు

బ్రాండన్ శాండర్సన్ ‘మిస్ట్‌బార్న్’ మొదటి నవల 2006లో వచ్చింది. ఆకాశం నుంచి బూడిద కురిసే, రాత్రయితే పొగమంచు కమ్మేసే ఒక లోకం. అక్కడ మంత్రశక్తికి ఆధారం లోహం. పుట్టుకతో ఆ శక్తి ఉన్నవాళ్ళు లోహపు రజను మింగి కడుపులో ‘మండిస్తారు’. తగరం మండిస్తే చూపూ వినికిడీ పదునెక్కుతాయి. ప్యూటర్ ఒంటికి బలమిస్తుంది. జింకు ఎదుటివాళ్ళ ఆవేశాన్ని ఎగదోస్తుంది, ఇత్తడి చల్లారుస్తుంది. రాగి మండించేవాడి చుట్టూ కనపడని తెర ఒకటి పరుచుకుంటుంది. ఆ తెర లోపల ఎవరు ఏ లోహం వాడినా ఆ జాడ బయటికి పొక్కదు. తెర లేనిచోట ఆ జాడను పసిగట్టేది కంచు. ఇనుము లోహాన్ని తనవైపు లాగుతుంది, ఉక్కు అవతలికి నెడుతుంది.

ఈ విద్యకు ఆయన పెట్టిన పేరు అల్లోమాన్సీ. ఎనిమిది లోహాలనూ జతలుగా పేర్చి చూస్తే ఒక అమరిక బయటపడుతుంది. ఇనుముకు ఉక్కు, తగరానికి ప్యూటర్, జింకుకు ఇత్తడి, రాగికి కంచు. ప్రతి జతలోనూ మొదటిది లోహం, రెండోది దాని మిశ్రమం. ఇక మిగిలినవి పై స్థాయివి, రెండే: బంగారం, ఏటియం. బంగారం మండించినవాడికి, బతుకు ఇంకో దారిలో సాగి ఉంటే తానెలా తయారయ్యేవాడో కనిపిస్తుంది. ఏటియం ఎదుటివాడు మరుక్షణం ఏం చేయబోతున్నాడో చూపిస్తుంది.

చురుకైన పాఠకుడు ఇక్కడే ఆగిపోతాడు. ఏటియం బంగారపు మిశ్రమం కాదు కదా! అలాంటప్పుడు బంగారానికి అసలు జోడు ఎక్కడ? కథలో పాత్రలకు ఆ సంగతి పట్టదు, వాళ్ళకి తలమునకలయ్యే పనులున్నాయి. పాఠకుడికి మాత్రం పట్టికలో ఒక గడి ఖాళీగా కనిపిస్తుంది. మెండలీవ్ 1871లో తన మూలకాల పట్టికలో సిలికాన్ కింద చోటు వదిలి, అక్కడికి రావలసిన మూలకం ఎలా ఉంటుందో ముందే రాసిపెట్టాడు. 1886లో జర్మేనియం దొరికింది. మిస్ట్‌బార్న్ అభిమానులు ఇన్నేళ్ళుగా చేస్తున్నది ఆ జాతి పనే. వాళ్ళ థియరీలు గాలిలో పుట్టిన ఊహలు కావు. తెలిసిన నియమాల మీద కట్టిన లెక్కలు. పాఠకుడు లెక్క వేయగలిగేంత సరుకు ఇచ్చి, జవాబు మాత్రం తన గుప్పిట్లో ఉంచుకోవడం రచయిత పనితనం. ఆ పనితనాన్ని దగ్గరగా చూడటానికే ఈ వ్యాసం. కథలో మలుపులన్నీ బయటపెట్టక తప్పదు కాబట్టి, చదవాలనుకునేవాళ్ళు ముందు పుస్తకాలు చదివి రావడం మంచిది.

ముందుగా నాణెం సంగతి. ఉక్కు మండించినవాడు నేలమీద పడేసిన నాణేన్ని నెడితే అది కదలదు, కిందినుంచి నేల దాన్ని పట్టి ఉంచుతుంది. కాబట్టి నెట్టినవాడే పైకి లేస్తాడు. అదే నాణెం గాలిలో ఉంటే తేలికైనది గనుక అదే తుపాకి గుండులా దూసుకుపోతుంది. అంటే ఇక్కడ ఎగరడం వరం కాదు, న్యూటన్ మూడో సూత్రం. నియమం తెలియగానే పాఠకుడి బుర్ర తనంతట తానే పనిచేయడం మొదలుపెడుతుంది: గాలిలో ఉండగా కింద లోహమే లేకపోతే? ఇద్దరు ఒకే నాణేన్ని చెరో వైపు నుంచీ నెడితే? రెండో నవల ‘ద వెల్ ఆఫ్ అసెన్షన్’ (2007)లో కథానాయిక విన్ కొన్ని గుర్రపు నాడాలను వెంట తీసుకెళ్తుంది. ఒకదాన్ని ముందుకు విసిరి, దాన్ని ఆసరా చేసుకుని ఎగిరి, వెనకబడ్డవాటిని లాక్కుంటూ మళ్ళీ ముందుకు విసురుతూ మైళ్ళకు మైళ్ళు దాటిపోతుంది. ఇందులో కొత్త మంత్రం ఏమీ లేదు. పాత నియమాన్నే ఇంకొంచెం పొదుపుగా వాడుకుంది. అరే, ఇది మనకెందుకు తట్టలేదని చదివేవాడికి చిన్న ఉక్రోషం కలుగుతుంది చూడండి, ఆ ఉక్రోషమే థియరీలకు విత్తనం.

ఈ పద్ధతి వెనక ఉన్న ఆలోచనను శాండర్సన్ ఒక వ్యాసంలో తన మొదటి సూత్రంగా చెప్పుకున్నాడు. మంత్రం పాఠకుడికి ఎంతమేరకు అర్థమైందో, ఆ మంత్రంతో కథలో చిక్కు విప్పుకునే వీలు రచయితకు అంతమేరకే ఉంటుందని దాని సారం. టోల్కీన్ గాండాల్ఫ్ శక్తికి హద్దులు గీసి చూపించడు, అందుకే అసలు చిక్కును గాండాల్ఫ్ మాయతో విప్పించడు కూడా. మన ‘మాయాబజార్’ (1957) తీసినవాళ్ళకు ఈ కిటుకు ఏ సూత్రమూ చెప్పకుండానే తెలుసు. సత్యపీఠం ఎక్కినవాడు నిజం కక్కక తప్పదని ముందే చూపించేశారు కాబట్టే, చివర్లో శకుని దానిమీద కాలు పెట్టబోతుంటే మనకి ముందుగానే నవ్వొస్తుంది.

మొదటి నవల పతాక సన్నివేశంలో ఈ సూత్రం పూర్తి బలంతో పనిచేస్తుంది. వెయ్యేళ్ళుగా ఏలుతున్న లార్డ్ రూలర్‌కు చావు లేదు. ఎందుకు లేదు? నవలలో రెండో విద్య ఒకటుంది, ఫెరుకెమీ. టెర్రిస్ జాతివాళ్ళు తమలోని గుణాన్ని లోహంలో దాచుకోగలరు. ఇవాళ బరువు దాచుకుంటే తేలికవుతారు, అవసరమైన రోజున వాడుకుంటే బరువెక్కుతారు. దాచిందెంతో తీసుకునేదీ అంతే, వడ్డీ ఉండదు. ఏటియంలో వయసును దాచుకోవచ్చు. ఒకే మనిషికి ఈ రెండు విద్యలూ ఉంటే? తాను నింపిన లోహాన్ని తానే మింగి మండిస్తే, దాచిన దానికి పదింతలు తిరిగి వస్తుంది. లార్డ్ రూలర్ చేస్తున్నది అదే. అతని యవ్వనం మొత్తం భుజాల్లోకి దిగిన కడియాల్లో ఉంది. విన్ వాటిని లాగేయగానే వెయ్యేళ్ళ ముసలితనం ఒక్కసారిగా అతని మీద పడుతుంది. రెండు విద్యల నియమాలూ మనకి ముందే విడివిడిగా చెప్పేశాడు. రెంటినీ కలిపి చూడమని మాత్రం ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇక్కడొక లొసుగు ఉంది, దాన్ని దాచిపెట్టడం నాకిష్టం లేదు. ఒంట్లోకి దిగిన లోహాన్ని మామూలుగా ఎవరూ లాగలేరని ఈ నవలే చెప్పింది. విన్ ఆ క్షణంలో పొగమంచు నుంచి శక్తి తీసుకుని లాగేస్తుంది. ఆ శక్తి ఎలా వచ్చిందో మొదటి నవలలో వివరణ లేదు. అంతా లెక్కప్రకారం నడిపి చివర్లో ఇలా చేయడం మోసమేనని నాకనిపించింది. బాకీ మూడో నవల ‘ద హీరో ఆఫ్ ఏజెస్’ (2008)లో తీరింది. అది కూడా ఎక్కడ దాచి పెట్టాడంటే, విన్ చెవిపోగులో.

ఈ మూడు పుస్తకాల్లోకెల్లా నాకు బాగా నచ్చిన పనితనం ఆ చెవిపోగు. మొదటి నవల నుంచీ అది విన్ చెవికి ఉంటుంది. పిచ్చిపట్టిన తల్లి పసికందైన చెల్లిని చంపేసి విన్‌కు ఆ పోగు పెట్టిందని ఒకచోట వస్తుంది. దిక్కులేని బాల్యానికి ఒక గుర్తు అనుకుని పాఠకుడు ముందుకెళ్ళిపోతాడు. ఇంకోచోట, రాగి తెర వెనక దాగినవాళ్ళను సైతం విన్ కంచుతో పసిగట్టగలదని తెలుస్తుంది. అది అసాధ్యమని తెలిసినవాళ్ళంతా అంటారు. కళ్ళలోంచి ఉక్కు మేకులు దిగిన ఇన్‌క్విజిటర్లు కూడా తెర వెనక ఉన్నవాళ్ళను పట్టుకోగలరు. వాళ్ళ మేకులు మాత్రం భయపెట్టే వేషంలాగే కనిపిస్తాయి. చనిపోయిన అన్న రీన్ గొంతు విన్ మనసులో ఎప్పుడూ సణుగుతూ ఉంటుంది, ఎవరినీ నమ్మకు, వాళ్ళు నిన్ను వదిలేసి పోతారు అని. నవలల్లో ఇలాంటి గొంతులు మనకి అలవాటే కాబట్టి దాన్నీ పట్టించుకోం.

ఈ నాలుగింటినీ ఒక్క ముడి వేస్తుంది మూడో విద్య, హీమలర్జీ. ఒకరి గుండెల్లోంచి మేకు దింపి వాళ్ళ శక్తిని అందులోకి లాక్కుని, దాన్ని ఇంకొకరి ఒంట్లో గుచ్చితే ఆ శక్తి వీళ్ళదవుతుంది. దారిలో కొంత నష్టపోతుంది కూడా. చెవిపోగు అలాంటి మేకే. చెల్లెలి శక్తి విన్ సహజశక్తికి తోడైంది కాబట్టే రాగి తెర ఆమెను ఆపలేకపోయింది. మేకు గుచ్చుకున్నవాళ్ళ మనసులోకి రూయిన్ అనే వినాశశక్తి చొరబడి మాట్లాడగలదు. రీన్ గొంతును వాడుకున్నది అదే. పోగు చెవికి ఉన్నంతకాలం పొగమంచు విన్‌కు పూర్తిగా దక్కలేదు. చివరి పోరాటంలో మార్ష్ అనే ఇన్‌క్విజిటర్ దాన్ని చెవి నుంచి ఊడబెరికిన క్షణంలోనే మంచు ఆమెలోకి వచ్చి చేరుతుంది. మనం పాత్ర చిత్రణ అనుకున్నది కథకు ఇరుసు. అలంకారం అనుకున్న చోటే ఆధారాన్ని దాచడమంటే ఇదీ.

అధ్యాయాల నెత్తిన పెట్టే చిన్న చిన్న ఉల్లేఖనాలతోనూ ఇదే ఆట ఆడాడు. రెండో నవలలో ఒక ప్రాచీన పండితుడు తన మాటలను ఉక్కు పలకల మీద చెక్కుతూ, లోహం మీద లేనిదేదీ నమ్మవద్దని హెచ్చరిస్తాడు. పాతకాలపు ఆడంబరంలా ఉంటుంది ఆ మాట. తీరా చూస్తే రూయిన్ ఏ రాతనైనా మార్చేయగలదు, లోహం మీద చెక్కినదాన్ని తప్ప. పండితుడు ముందు పేజీలోనే నిజం చెప్పేశాడు, మనమే దాన్ని శైలి అనుకున్నాం. మొదటి నవల అచ్చు కాకముందే మూడో దాని వరకూ చిత్తుప్రతి రాసుకున్నానని శాండర్సన్ చెప్పుకున్నాడు. ఆ వెసులుబాటు లేకపోతే ఇంత వెనక్కి వెళ్ళి మేకులు దిగగొట్టడం కుదరదు.

ఏటియంతో చేసిన ఒక చిత్రం చెప్పకుండా ముందుకెళ్ళలేను. రెండో నవలలో జేన్ అనేవాడు ఏటియం మండిస్తూ విన్‌తో తలపడతాడు. విన్ దగ్గర ఏటియం లేదు. ఆమె వేయబోయే ప్రతి దెబ్బా అతనికి ముందే కనిపిస్తుంది. ఓటమి ఖాయమని మనం అనుకుంటాం. అప్పుడు విన్ అతని ఒంటి కదలికనే చూస్తుంది. తాను వేయబోయే దెబ్బకు అతను ముందుగానే తప్పుకుంటున్నాడు. అంటే తన భవిష్యత్తు అతని ఒంటిమీదే కనపడుతోంది! అతను తప్పుకున్న తీరు చూసి, చివరి క్షణంలో తన దెబ్బను మార్చేస్తుంది. ఎదుటివాడి ఆయుధాన్నే అద్దంలా వాడుకోవడం. ఏటియం ఏం చేస్తుందో మొదటి నవలలోనే పూర్తిగా చెప్పాడు, అందుకే ఈ విజయం న్యాయంగా అనిపిస్తుంది.

మూడో నవలలోని పదహారు అంకె మాత్రం నాకు అంతగా రుచించదు. పొగమంచులోకి వెళ్ళినవాళ్ళలో సరిగ్గా 16 శాతం మంది జబ్బుపడుతుంటారు. అంత కచ్చితమైన అంకె యాదృచ్ఛికం కాదు, ఎవరో పంపిన సంకేతం అని ఎలెండ్ అనే పాత్ర గ్రహిస్తుంది. సంరక్షక శక్తి అయిన ప్రిజర్వేషన్ వదిలిన గుర్తు అది. అల్లోమాన్సీ లోహాలు పదహారు ఉండాలని దీనితో తేలిపోతుంది. లెక్కగా చూస్తే చక్కగానే ఉంది. అయితే చెవిపోగులో ఉన్న రక్తం, బాధ ఇందులో లేవు. రచయిత బొమ్మల వెనక నుంచి చెయ్యి ఊపినట్టుంటుంది.

తర్వాతి పుస్తకాల్లో ఆయన పాఠకులకు ఇచ్చిన గౌరవం వేరే తరహాది. ‘ద అలాయ్ ఆఫ్ లా’ (2011) మూడువందల ఏళ్ళ తర్వాతి కథ. రైళ్ళు, తుపాకులు వచ్చేశాయి. అందులో మైల్స్ అనే దొంగల నాయకుడు బంగారాన్ని మండించనూ గలడు, బంగారంలో ఆరోగ్యాన్ని దాచుకోనూ గలడు. లార్డ్ రూలర్ లెక్క గుర్తున్న పాఠకుడికి వెంటనే వెలుగుతుంది: వీడికి ఎన్ని తూటాలు తగిలినా గాయాలు మానిపోతాయి. కథ ఆ లెక్కను కాదనదు. పైగా వాణ్ణి పట్టుకోవడానికి మరాసీ అనే అమ్మాయి శక్తి పనికొస్తుంది. కాడ్మియం మండించి తన చుట్టూ కాలాన్ని నెమ్మది చేయడం ఆమె విద్య. ఎవరికీ అక్కరకు రాని విద్య అని ఆమే సిగ్గుపడుతుంది. మైల్స్‌ను ఆ వలయంలో చిక్కించేసరికి, బయట కాలం గబగబా గడిచిపోయి పోలీసులు వచ్చి చుట్టుముడతారు.

పాఠకుల థియరీలకు శాండర్సన్ జవాబు చెప్పే తీరు ఇంకో రచయిత నుంచి వచ్చింది. రాబర్ట్ జోర్డన్ 2007లో చనిపోయాక ఆయన నవలామాల ‘వీల్ ఆఫ్ టైమ్’ను పూర్తిచేసే బాధ్యత శాండర్సన్‌కే దక్కింది. థియరీ చెప్పి నిజమా కాదా అని అడిగిన పాఠకుడికి ‘చదివి తెలుసుకో’ అని జవాబిచ్చే అలవాటు జోర్డన్‌ది. శాండర్సన్ దాన్నీ అందిపుచ్చుకున్నాడు. కొన్ని ప్రశ్నలకు మాత్రం ఆ మాటతో సరిపెట్టలేకపోయాడు. ఏటియం, లెరాసియం అనే ఇంకో లోహం, రెండూ దేవతాశక్తుల శరీరాల నుంచి వచ్చిన లోహాలే. లెరాసియం ఎవరు మింగినా పనిచేస్తుంది. ఏటియం మాత్రం అల్లోమాన్సీ శక్తి ఉన్నవాళ్ళకే. ఒకే జాతి లోహాలకు రెండు న్యాయాలెందుకు? మొదటి కథల్లో జనం మండించినది శుద్ధ ఏటియం కాదని, ఎలక్ట్రమ్‌తో కలిసినదని ఆ తర్వాత ఆయనే తేల్చాడు.

ఇది అప్పటికప్పుడు వేసిన అతుకే కావచ్చు. అయినా ఎంత చక్కగా కుదిరిందో చూడండి. బంగారానికి అసలు జోడు ఎలక్ట్రమ్, బంగారమూ వెండీ కలిసిన మిశ్రమం. అది మండించినవాడికి తన భవిష్యత్తు తనకే కనిపిస్తుంది. దానికి ఏటియం తోడైతే ఎదుటివాడి భవిష్యత్తు. అందరికీ తెలిసిన పది లోహాలకు తోడు మొదటి నవలలో వచ్చే పదకొండో లోహం మలేటియం, ఏటియం బంగారంతో కలిసినది. బంగారం తన గతాన్ని చూపిస్తుంది, మలేటియం ఎదుటివాడి గతాన్ని. అంటే ఏటియం ఏ లోహంలో కలిస్తే ఆ లోహపు చూపు మన మీంచి ఎదుటివాడి మీదికి మళ్ళుతుంది. ఇంకా పద్నాలుగు లోహాలు మిగిలాయి. తగరంలో ఏటియం కలిపి మండిస్తే, గదిలో ఉన్న ఇంకొకరి చెవులతో వినవచ్చని నా పందెం.