బొమ్మలింటికి దండం

నిమ్మలకుంట తోలుబొమ్మలాటగాళ్ల ఇల్లా, నీకు దండం. ధర్మవరం మండలపు ఎర్రనేల మీద, చెనిక్కాయ చేల నడుమ నిలబడి, మేకతోలుకు వెలుతురు నేర్పిన ఇల్లా, నీకు దండం.

ముందు నీ నీళ్లతొట్టికి మొక్కుతాను. పచ్చితోలు అందులోనే నానాలి. గోరువెచ్చని నీళ్లలో ఊరి బొచ్చు వదులైతే కత్తితో గీకాలి, కడగాలి, మళ్లీ కడగాలి. వాసన పోయేదాకా, పొర పలచబడేదాకా కడగాలి. ఆ తర్వాత నలువైపులా మేకులు కొట్టి, లాగి బిగించి ఎండకు వదిలితే తోలు తన పాత పుట్టుక మరిచిపోతుంది. అవతల చెయ్యి పెడితే ఇవతలికి ఆనవాలు తెలుస్తుంది. పని మొదట్లో నీళ్లు కావాలి, చివర్లో ఎండ కావాలి. ఎండకు అనంతపురం సీమలో ఏనాడూ కొదవలేదు. నీ కష్టమంతా నీళ్ల దగ్గరే మొదలైంది.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల నీది. నైరుతి మబ్బులు పడమటి కనుమల మీదే బరువు దించుకుని ఖాళీ చేతులతో వస్తాయి. ఈశాన్యపు మబ్బుల్లో చాలామటుకు కోస్తా దాటకుండానే కురిసిపోతాయి. చెనిక్కాయకు ఊడలు దిగే వేళ వాన మొహం చాటేస్తే రైతిల్లు ఎట్లా కుంగుతుందో చాలామంది రాశారు, రాయాల్సిందే. ఆ పక్కనే ఉన్న బొమ్మలింటి సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. పంట పోయిన ఊళ్లో జాతర చిన్నదవుతుంది. జాతర చిన్నదైతే మొదట తెగేది ఆటగాళ్ల సంభావనే. తొట్టిలో నీళ్లు అడుగంటిన ఏడాదే ఊరి చేతిలో డబ్బూ అడుగంటుంది. కరువు నీ గడపను రెండుసార్లు తొక్కుతుంది.

అయినా వాన కోసం ఊరు పిలిచింది నిన్నే. విరాటపర్వం చదివిస్తే, ఆడిస్తే చినుకు పడుతుందని మన పల్లెల నమ్మకం. నువ్వు వెళ్లావు. రెండు చీరలు కలిపి ఈతముళ్లతో గుచ్చి తెర కట్టావు. వెనక ఆముదపు దీపం పెట్టావు. మొగుడు భీముడయ్యాడు, పెళ్లాం ద్రౌపదయింది, తాత హార్మోనియం పట్టాడు, పిల్లలు తాళం వేశారు. కాళ్ల కింద చెక్కలు టకటకలాడాయి. మనిషెత్తు బొమ్మలు తెరకానుకుని కదిలాయి. హాస్యపు బొమ్మలు కేతిగాడు, బంగారక్క మధ్యమధ్య దూరి ఊరి పెద్దల్నీ వదలకుండా నవ్వించారు. తెల్లవార్లూ కీచకుణ్ణి చంపి, ఆలమందల్ని విడిపించి, ఎవరి చేల కోసమో మబ్బును పిలిచావు. నీకు చేనుందా అని మాత్రం ఎవరూ అడగలేదు.

నీ భాషకు దండం. ఎప్పుడో మరాఠా నేల నుంచి నడిచొచ్చిన నీ పెద్దల మాట ఇంకా నీ వంటింట్లో ఉంది. అన్నం పెట్టేటప్పుడు ఒక మాట, తెర వెనక్కి వెళ్లగానే రంగనాథ రామాయణపు ద్విపద. ఆ తెలుగును పొలాల దాకా మోసిన గొంతుల్లో నీదొకటి. అక్షరం రాని వాళ్లకు కూడా రావణుడి బాధ అర్థమయ్యేలా చెప్పినందుకు ఈ భాషలో రాసుకునే నాలాంటి వాళ్లమంతా నీకు బాకీ పడ్డాం.

నీ ఉలికి దండం. పూర్వం దేవుళ్లకు, వీరులకు లేడితోలు, జింకతోలు వాడేవారు. తక్కినవాళ్లందరికీ మేకతోలు. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత రాముడు కూడా మేకతోలులోనే అవతరించాడు. అడవికి అది మేలే, నీకూ పెద్ద లోటు కాలేదు. తోలు మారినా చెయ్యి మారలేదు గనక. సుత్తితో చిన్న ఉలిని కొడుతుంటే కిరీటంలో చుక్కలు, హారంలో పూసలు, చీర అంచులో తీగలు పుడతాయి. రంగు రెండువైపులా అద్దాలి. చిల్లు లేని చోట రంగు వెలుగుతుంది, చిల్లున్న చోట దీపమే నగ అవుతుంది. లేపాక్షి గుడి కప్పు మీది బొమ్మల కళ్లు, కొప్పులు, చీర గళ్లు చూసి వచ్చి నీ బొమ్మను చూస్తే ఇద్దరూ ఒక ఇంటి పిల్లలే అనిపిస్తుంది.

సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, రాత్రంతా మేలుకునే ఊళ్లు తగ్గాయి. నువ్వు అదే తోలుతో దీపపు బుడ్డికి తొడుగు చేశావు. తెర మీద నడిచిన హనుమంతుడు బల్బు చుట్టూ తిరిగాడు. దాన్ని దిగజారడం అన్నవాళ్లున్నారు. నేననను. పిల్లల ఫీజు కట్టాల్సిన చెయ్యి ఏ దారి దొరికితే ఆ దారిన నడుస్తుంది. శిల్పారామంలో, దిల్లీ హాట్‌లో, సూరజ్‌కుండ్ మేళాలో పట్టెడు జాగాలో కూర్చుని, ఎదుటివాడు సగం ధరకు అడిగినా మొహం మాడ్చుకోకుండా, బొమ్మను దీపానికి అడ్డం పట్టి చూపించావు. ఏడాది తిండికి సరిపడా డబ్బు ఆ కొద్ది మేళాల్లోనే రావాలి. మిగతా నెలలన్నీ వాటిని నమ్ముకుని చేసిన అప్పు మీద నడుస్తాయి.

2020 జనవరిలో నీ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ ప్రకటించారు. అడుగుపొడవు లేని ఆ ఊరి పేరు దేశమంతా వినపడింది. రెండు నెలలు తిరిగేసరికి కరోనాతో దేశానికి తాళం పడింది. లాక్‌డౌన్ మొదలైన మార్చి 25 ఉగాది. వారం తర్వాత శ్రీరామనవమి. పందిళ్లు లేని నవమి అది. రాముడు పెట్టెలోనే ఉన్నాడు, సీత పెట్టెలోనే ఉంది, పెళ్లి చేయించే గొంతు గడప దాటలేదు. ఆ ఏటి పద్మ పురస్కారాలు చేతికి అందేసరికి 2021 నవంబరు వచ్చింది. రాష్ట్రపతి భవన్ పండుగే అన్నాళ్లు ఆగితే నీ బొమ్మల సంత ఎన్నాళ్లు ఆగిందో చెప్పాలా? 2021 సూరజ్‌కుండ్ మేళా జరగనే లేదు.

ఇంకో సంగతి తలుచుకుంటే నాకు గుండె పిండినట్టవుతుంది. 2020 వానాకాలంలో రాయలసీమలో మామూలును బాగా మించి వాన పడింది. ఏళ్ల తరబడి ఊళ్లన్నీ నీ చేత అడిగించిన వాన అది. చెరువుల్లోకి నీళ్లొచ్చాయి, నీ తొట్టి నిండింది. నానబెట్టడానికి నీళ్లున్నాయి, చేసినదాన్ని కొనడానికి మనుషులు లేరు. ఆకాశం దిగొచ్చిన ఏడాదే దారులు మూసుకున్నాయి.

చేసిన దీపపు తొడుగులు ఒకదానిలో ఒకటి దూర్చి మూల పేర్చావు. చెమ్మకు తోలు మెత్తబడకుండా, పురుగు పట్టకుండా తీసి ఆరబెట్టావు, మళ్లీ పేర్చావు. రేషను బియ్యంతో పూట గడిచింది. బియ్యంతో పూట గడుస్తుంది గానీ వడ్డీ తీరదు. చెవి కమ్మలు తాకట్టుకు వెళ్లాయి. పిల్లల బడి సెల్‌ఫోనులోకి వెళ్లింది. ఉన్న ఒక్క ఫోను బొమ్మల ఫొటోలు పంపడానికా, పాఠం వినడానికా అని ఇంట్లో రోజూ ఒక పంచాయితీ.

ఉపాధి హామీ పనికి వెళ్లిన చేతుల దగ్గర నేను కాసేపు ఆగాలి. ఆ ఏడాది రాష్ట్రంలో ఆ పనికి రోజుకూలి 237 రూపాయలు. కూలికి వెళ్లడంలో తక్కువేమీ లేదు, ఆ డబ్బే చాలా ఇళ్లల్లో పొయ్యి వెలిగించింది. కానీ ఆ చెయ్యి ఏ చెయ్యి? సీత కనుబొమ్మను ఒక్క గీతలో దించే చెయ్యి. బియ్యపుగింజంత చిల్లును పక్క చిల్లులోకి చీలకుండా కొట్టే చెయ్యి. దానికి గడ్డపార అందితే నాలుగు రోజుల్లో అరచెయ్యి పొక్కులెక్కుతుంది. పొక్కు మానే చోట కాయ కాస్తుంది. ఆ కాయతో ఉలి పట్టుకుంటే మొదట తెలిసేది కళ తగ్గడం కాదు, వేళ్లకు స్పర్శ తగ్గడం. తోలు ఎక్కడ మందమో, ఎక్కడ పలచనో చెప్పేది ఆ స్పర్శే. తాతల నాటి నుంచి వేలికొసల్లో కూడిన ఆ తెలివికి 237 రూపాయల్లో పైసా లెక్క లేదు.

కాబట్టి నీ ఆకలిని నేను పొగడను. ఆకలిలో అందమేమీ లేదు. అన్నీ ఓర్చుకుని నిలబడ్డావని మెచ్చుకోలు పలికి వెళ్లిపోవడం నాకు చేతకాదు. నీకు ఓర్పు ఉందని ఇంతకాలం అందరూ నీ నెత్తిన బరువు పెడుతూ పోయారు. నేను మొక్కేది నీ పనికి. చీకట్లో దీపం ముందు పట్టినప్పుడు ఊరు మొత్తం ఊపిరి బిగబట్టేలా చేసే ఆ పనికి, ఆ పని విలువ తెలిసి దాన్ని సగం ధరకు వదలనని మొండికేసిన నీ రోషానికి.

బొమ్మలిల్లా, పెద్దదాన్ని కాకపోయినా దీవిస్తాను. నీ తొట్టి ఎండకూడదు. తోలు బిగించిన పూట వాన రాకూడదు, తీసి లోపల పెట్టాక ఎంత కురిసినా కురవనీ. నీ కమ్మలు నీ చెవులకు తిరిగి రావాలి. నీ పిల్ల బెంగళూరులో ఉద్యోగం చేస్తానంటే చెయ్యనీ, సెలవులకొచ్చినప్పుడు మాత్రం ద్రౌపదికి గొంతివ్వాలి. ఈసారి ఊరివాళ్లు విరాటపర్వం ఆడించమని వస్తే అది వాన కోసం కాక, పండిన చెనిక్కాయ ఇంటికి చేరిన సంబరం కోసం కావాలి. మాట ఖాయం చేసుకునేటప్పుడే సంభావన మొత్తం లెక్కపెట్టి నీ చేతిలో పెట్టాలి.