కచేరీకి కూర్చున్న కంప్యూటర్

హైఫై సరదా ఉన్నవాళ్లు చాలాకాలం కంప్యూటర్‌ని తమ గడప తొక్కనివ్వలేదు. వాళ్ల అభ్యంతరాల్లో న్యాయం లేకపోలేదు. లోపల ఫ్యాన్ల రొద, మదర్‌బోర్డు మీదే ఉండే చౌక సౌండ్ చిప్, కళ్యాణి ఆలాపన మంచి పట్టులో ఉండగా 'టింగ్'మనే ఈమెయిల్ గంట. వేలకు వేలు పోసి కొన్న యాంప్లిఫయర్, స్పీకర్ల పక్కన దీనికేం పని అనుకున్నారు. ఇప్పుడు అదే కంప్యూటర్ ఎన్నో ఇళ్లలో సీడీ ప్లేయర్‌ని అటకెక్కించింది. ధ్వని విషయంలో అది చేసే మాయ ఏమీ లేదు. సరిగ్గా అమరిస్తే పాటకి అడ్డు రాకుండా పక్కకి తప్పుకుంటుంది, అంతే. దాని గొప్పంతా సంగీతాన్ని భద్రపరచడంలోనూ, అడిగిన వెంటనే వెతికి పెట్టడంలోనూ ఉంది.

మొదటి పని, సీడీలోని పాటని హార్డ్ డిస్కులోకి దించడం. రిప్ చేయడం అంటారు దీన్ని. సోనీ, ఫిలిప్స్ కలిసి రూపొందించగా 1982లో బజారులోకి వచ్చిన సీడీలో సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కోటి 16 బిట్లు, రెండు ఛానళ్లు. ఈ 44,100 అనే వింత అంకెకి ఒక కథ ఉంది. తొలినాళ్లలో డిజిటల్ ధ్వనిని వీడియో టేపు మీద రికార్డు చేసేవారు. టీవీ బొమ్మలోని ఒక్కో గీతలో మూడేసి నమూనాలు, ఫీల్డుకి 245 గీతలు, సెకనుకి 60 ఫీల్డులు. గుణిస్తే సరిగ్గా అదే వస్తుంది. అందులో సగం, అంటే 22,050 హెర్ట్‌జ్ దాకా స్వరాన్ని పట్టుకోవచ్చు. మనిషి చెవి దాదాపు 20,000 దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఇది చాలు.

దించడంలో ఒక చిక్కుంది. సాఫ్ట్‌వేర్ ఉండే సీడీ-రామ్‌లో ఒక్కో సెక్టారుకి 2,352 బైట్లుంటే అందులో 2,048 మాత్రమే అసలు సరుకు. మిగతాదాంట్లో ఎక్కువ భాగం తప్పులు దిద్దుకునే లెక్కలు. పాటల సీడీలో ఆ అదనపు కాపలా లేదు, 2,352 బైట్లూ పాటే. గీత పడ్డచోట సీడీ ప్లేయర్ అటూ ఇటూ ఉన్న నమూనాలు చూసి మధ్యలోది అంచనా వేసి పూడ్చేస్తుంది. వినేవాళ్లకి చాలాసార్లు తెలియను కూడా తెలియదు. రిప్ చేసేటప్పుడు ఆ అంచనానే ఫైల్లోకి ఎక్కిందంటే మాత్రం అది ఇక శాశ్వతం.

అందుకే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ లాంటి సాఫ్ట్‌వేర్లు పుట్టాయి. జాగ్రత్త పద్ధతిలో పెడితే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ ఒక్కో సెక్టారుని కనీసం రెండుసార్లు చదివి పోల్చుకుంటుంది. తేడా వస్తే వదలదు. అప్పటిదాకా జోరుగా తిరిగిన డ్రైవు గీతలు పడ్డ చోటికి రాగానే నెమ్మదిస్తుంది, అక్కడే గుర్రుమంటూ చదివిందే చదువుతుంది, తెర మీద ఎర్రగడులు ఒక్కొక్కటే వెలుగుతాయి. నాలుగు నిమిషాల పాటకి అరగంట పట్టినా ఓపిక పట్టాలి. అంతా అయ్యాక ఆక్యురేట్‌రిప్ అనే డేటాబేస్ అక్కరకొస్తుంది. అదే డిస్కుని ఇంకెక్కడో దించినవాళ్ల లెక్కతో మన లెక్క కలిస్తే ఇక అనుమానం పెట్టుకోనక్కర్లేదు. కొద్ది ప్రతులే వచ్చిన కచేరీ డిస్కులకి ఈ తోడు దొరకకపోవచ్చు. అప్పుడు రెండు వేర్వేరు డ్రైవుల్లో దించి, రెండు ఫైళ్లనీ పోల్చుకోవడమే మార్గం.

దించినదాన్ని ఫ్లాక్ రూపంలో దాచాలి. జోష్ కోల్సన్ రూపొందించిన ఈ పద్ధతి తొలి పూర్తిస్థాయి కూర్పు 2001లో వచ్చింది. పైసా ఖర్చు లేదు, ఏ కంపెనీ సొత్తూ కాదు. గంటసేపటి సీడీ సుమారు 635 మెగాబైట్లుంటే ఫ్లాక్‌లో కాస్త అటూ ఇటూగా సగానికి దిగుతుంది, ఒక్క బిట్టూ పోదు. ఒక టెరాబైటు డిస్కులో రెండున్నరవేల సీడీలు హాయిగా పడతాయి. ఎంపీ3 దారి వేరు. ఒకప్పుడు పేవ్‌మెంట్ల మీద వంద పాటలు, రెండొందల పాటలు అని అమ్మిన డిస్కుల్లో తరచూ ఉండేది సెకనుకి 128 కిలోబిట్ల ఎంపీ3. సీడీ వేగం 1,411. అంటే పదకొండో వంతు. అలాంటి ఫైళ్లని ఇప్పుడు ఫ్లాక్‌లోకి మార్చి మురిసిపోయేవాళ్లున్నారు. ఫైలు లావెక్కుతుంది గానీ పోయినది తిరిగిరాదు.

కర్ణాటక సంగీతం వినేవాళ్లకి ఎంపీ3తో ఇంకో ఇబ్బంది ఉంది. కచేరీ డిస్కులో ఆలాపన ఒక ట్రాకు, కృతి ఒక ట్రాకు, తని ఆవర్తనం మరో ట్రాకు. వెనక తంబూరా మాత్రం ఎక్కడా ఆగదు. ఎంపీ3 తయారయ్యేటప్పుడు ట్రాకు మొదట్లో, చివర్లో కాస్త నిశ్శబ్దం అతుక్కుంటుంది. దాన్ని కత్తిరించడం ప్లేయర్‌కి తెలియకపోతే ట్రాకు మారినప్పుడల్లా శ్రుతి లిప్తపాటు తెగుతుంది. సినిమా పాటల్లో పట్టించుకోరు గానీ, గాయకుడు ఆలాపన ముగించి పల్లవి అందుకునే చోట ఈ తెగడం పంటికింద రాయే. ఫ్లాక్‌లో నమూనాల లెక్క పక్కా. ప్లేయర్‌కి గ్యాప్‌లెస్ వసతి ఉందో లేదో ఒక్కటి చూసుకుంటే సరి.

ఇక వినిపించడం. విండోస్ తన మామూలు దారిలో అన్ని శబ్దాల్నీ ఒకేచోట కలిపేస్తుంది. అక్కడి అమరిక 48,000 మీద ఉంటే సీడీ పాటని కూడా ఆ వేగానికి మార్చి పంపుతుంది, ఈమెయిల్ గంటనీ అందులోనే కలుపుతుంది. ఫూబార్2000 లాంటి ప్లేయర్‌లో వసాపి ఎక్స్‌క్లూజివ్ ఎంచుకుంటే పాటకి సొంత దారి దొరుకుతుంది. మిగతా శబ్దాలకి అందులో ప్రవేశం లేదు. మ్యాక్‌లో ఆడియో మిడి సెటప్‌లోకి వెళ్లి వేగాన్ని పాటకి తగ్గట్టు పెట్టుకోవాలి.

అంకెల్ని ధ్వనిగా మార్చే పని కంప్యూటర్ లోపలి చిప్‌కి అప్పగించకుండా బయట డాక్ అనే చిన్న పెట్టె పెడతారు. యూఎస్‌బీ డాక్‌లలో 'అసింక్రనస్' రకం మేలైనది. అందులో తాళం వేసేది డాక్‌లోని గడియారమే. కంప్యూటర్ దాని వేగానికి తగ్గట్టు డేటా అందిస్తుంది. కంప్యూటర్ గడియారం తడబాటు పాటదాకా రాదు. వాల్యూమ్ గురించి చాలామంది అనవసరంగా బెంగపడతారు. ప్రతి 6 డెసిబెల్ తగ్గింపుకీ ఒక బిట్టు కిందికి జరుగుతుంది, నిజమే. కానీ 16 బిట్ల పాటని 24 బిట్లలో పంపితే కింద ఎనిమిది బిట్ల చోటు ఖాళీగా ఉంటుంది. 48 డెసిబెల్ దాకా తగ్గించినా పాటలో బిట్టు రాలిపోదు.

ఇంట్లో అసలు వేధించేది గుంయ్‌మనే హమ్. లాప్‌టాప్ చార్జర్ పెట్టగానే మొదలై, పీకగానే ఆగితే దోషం ఎర్తింగ్ చుట్టులో ఉన్నట్టే. అన్ని పెట్టెల్నీ ఒకే స్పైక్ బస్టర్‌కి కలిపి చూడాలి. తగ్గకపోతే ఆప్టికల్ కేబుల్ వాడాలి. అందులో వెళ్లేది వెలుతురు కాబట్టి కరెంటు సంబంధం తెగిపోతుంది. కొందరు మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేసి హమ్ పోయిందని సంబరపడతారు. యాంప్లిఫయర్ బాడీకి షాకొచ్చిన రోజున ఆ సంబరం ప్రాణం మీదికొస్తుంది.

సీడీని మించిన లెక్కలతో ఉండే హై-రిజల్యూషన్ ఫైళ్లకి ఎక్కువ డబ్బు పెట్టేవాళ్లు 2007లో అమెరికాలో మేయర్, మోరన్ ప్రచురించిన పరీక్ష సంగతి తెలుసుకోవాలి. హై-రిజల్యూషన్ ధ్వనిని నేరుగా ఒకసారి, సీడీ స్థాయికి కుదించి ఒకసారి వినిపించి ఏది ఏదో చెప్పమన్నారు. 554 ప్రయత్నాల్లో 276 సార్లు సరిగ్గా చెప్పారు. నాణెం ఎగరేసినా అంతే వస్తుంది. దాని మీద వాదోపవాదాలు చాలానే జరిగాయి. అవెలా ఉన్నా, 1951 నాటి 'మల్లీశ్వరి' మోనో పాటని 192 కిలోహెర్ట్‌జ్ ఫైలుగా కొనడంలో అర్థం లేదు. పాత రికార్డుల్ని సొంతంగా డిజిటల్‌లోకి మార్చేటప్పుడు మాత్రం 24 బిట్లు వాడటం తెలివైన పని. రికార్డింగ్ మట్టం కాస్త తగ్గించి పెట్టుకున్నా నష్టముండదు.

ఓపికంతా ఖర్చు పెట్టాల్సింది ట్యాగుల మీద. ఫ్లాక్ ఫైల్లో మనకి నచ్చిన పేర్లతో ఎన్ని గడులైనా పెట్టుకోవచ్చు, వాటిలోని వివరాలు తెలుగు లిపిలోనే రాసుకోవచ్చు. రాగం, తాళం, వాగ్గేయకారుడు, వయొలిన్, మృదంగం, కచేరీ జరిగిన ఊరు. సినిమా పాటలకైతే సినిమా పేరు, సంగీత దర్శకుడు, గేయ రచయిత. 'మల్లీశ్వరి' పాటలకి సాలూరి రాజేశ్వరరావు ఒక గడిలో, దేవులపల్లి కృష్ణశాస్త్రి ఒక గడిలో ఉండాలి. ఇంటర్నెట్ నుంచి తనంతట తాను వచ్చే సమాచారాన్ని నమ్ముకుంటే త్యాగరాజు ఇంగ్లిష్‌లో మూడు స్పెల్లింగులతో ముగ్గురైపోతాడు. ట్యాగులు శుభ్రంగా ఉన్న ఇంట్లో వరాళి అని కొడితే ఆ రాగంలోని పంచరత్న కీర్తనని ఎవరెవరు పాడారో వరసకడుతుంది. బాలమురళీకృష్ణ సృష్టించిన లవంగి, మహతి రాగాలు ఏ డిస్కుల్లో ఉన్నాయో బీరువా వెతక్కుండానే తేలిపోతుంది. సీడీ ప్లేయర్ ఎంత ఖరీదైనదైనా ఈ పని చేయలేదు.

ఖర్చు మాటకొస్తే, ఫ్యాన్ లేని పాత లాప్‌టాప్ గానీ రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ గానీ చాలు. అసింక్రనస్ డాక్ ఒక మోస్తరుది కొని, మిగిలిన డబ్బంతా స్పీకర్ల మీద పెట్టాలి. ధ్వనిలో తేడా అక్కడ వినపడినంతగా వేలరూపాయల యూఎస్‌బీ కేబుల్‌లో వినపడదు. దించడం అయిపోయింది కదా అని సీడీలని పాత సామాన్లవాడికి వేసేయకండి. హార్డ్ డిస్కు ఏదో ఒక రోజు చెప్పకుండా పోతుంది. రెండో డిస్కు ఒకటి కొని, నకలు తీసి, వేరే ఇంట్లో దాచే ఏర్పాటు చేసుకున్నాకే మొదటి సీడీని డ్రైవులో పెట్టండి.