మూడో సీసా

మర్రిగూడ వైపు నీళ్ల శాంపిళ్లు పట్టుకుంటూ తిరిగిన రోజుల్లో నా సంచిలో రెండు రకాల సీసాలుండేవి. ఫ్లోరైడ్ పరీక్షకు ప్లాస్టిక్‌ది. ఫ్లోరైడుకూ గాజుకూ పడదు. క్రిముల పరీక్షకు 121 డిగ్రీల ఆవిరిలో ఉంచి, మూతికి కాగితం కట్టిన గాజుది. స్పిరిట్ దూదితో నల్లా మూతి కాల్చాలి, కాసేపు నీళ్లు వదిలెయ్యాలి, అప్పుడు పట్టాలి. మూత కింద పెట్టొద్దు, లోపల వేలు తగలొద్దు, తుమ్మొద్దు. ఒకనాడు ఓ బోరింగు దగ్గర మూత జారి బురదల పడింది. ఎవరూ చూడలేదు కదా అని కడిగి పెట్టేసిన. ఆ నీళ్లలో క్రిములున్నాయని రిపోర్టొచ్చింది. అవి బోరువో, నావో!

ఇదే తంటా ఆకాశంలోనూ ఉంది. 2005 ఏప్రిల్ 20న హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ వారి కేంద్రం నుంచి ఇస్రో ఒక బెలూన్ ఎగరేసింది. దాని కింద 459 కిలోల బరువు, 38 కిలోల ద్రవ నియాన్. ఆ చలిలో మునిగిన 16 స్టీలు గొట్టాలు. ముందే వాటిలోని గాలి తీసేసి, క్రిమిరహితం చేశారు. వాల్వు తెరుచుకోగానే లోపలికొచ్చిన గాలి అక్కడే గడ్డకడుతుంది, వెనకున్న గాలిని లాక్కుంటుంది. పంపు లేకుండానే పంపు! 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి పట్టి, పారాచూట్‌తో దింపారు. సీసీఎంబీ ల్యాబులోనూ పుణే ల్యాబులోనూ వెతికితే 12 బ్యాక్టీరియా, 6 శిలీంధ్రాలు. మూడు కొత్త జాతులని 2009లో ప్రకటించారు. వాటిలో ఒకదానికి ఆర్యభట పేరు పెట్టారు. పత్రికలు గ్రహాంతర జీవులంటూ ఊగిపోయాయి గానీ, అవి బయటినుంచే వచ్చాయని ఖాయంగా చెప్పలేమని ఆ శాస్త్రవేత్తలే అన్నారు. నాకు నచ్చింది ఆ మాటే.

ఇప్పటికీ బెలూన్ వదిలే ముందు మన జిల్లాలకు హెచ్చరిక వస్తుంది: చేలల్లో పారాచూట్ పడితే ముట్టుకోకండి, పోలీసులకు చెప్పండి అని. ముట్టొద్దన్న మాటకు ఇంత శాస్త్రీయమైన అర్థం ఈ నేల మీద అరుదు.

శని చందమామ ఎన్‌సెలడస్ తన మంచు పెంకులోంచి ఆవిరి చిమ్ముతోందని కాసినీ నౌక పట్టుకున్నదీ అదే 2005లో. ఆ పెంకు కింద ఉప్పు సముద్రముంది. అక్కడ మన క్రిములు అంటకూడదనే 2017లో కాసినీని శనిలోకి తోసి కాల్చేశారు. రేపు ఆ నీళ్లు పట్టే యంత్రానికి ప్రతిసారీ కొత్త గొట్టం ఎవరిస్తారు? ఉన్న గొట్టాన్నే అది కాల్చుకోవాలి, కడుక్కోవాలి, మళ్లీ పట్టాలి. 1976లో అంగారకుడి మీద దిగిన వైకింగ్‌లను బయల్దేరక ముందే దాదాపు 112 డిగ్రీల పొడి వేడిలో ముప్పై గంటలు ఉంచారు. అది ఒక్కసారి పని. ఇక్కడ శాంపిల్ శాంపిల్‌కూ చెయ్యాలి.

పైగా చంపితే తీరేది కాదు. చచ్చిన క్రిమి పీనుగ గొట్టానికే అంటుకుని ఉంటుంది. ప్రాణం ఆనవాళ్ల కోసం వెతికే పరికరానికి ఆ పీనుగ కూడా జీవమేనని తోస్తుంది. అందుకే నన్నడిగితే వేడి కన్నా ముఖ్యమైనది, వెంట తీసుకెళ్లే శుద్ధమైన నీళ్లు. ప్రతి శాంపిల్‌కు ముందు ఆ నీళ్లను అదే గొట్టంలోంచి పంపి పరీక్షించాలి. అందులో ఏమైనా కనిపిస్తే అది ఇంటి సరుకే.

ల్యాబుల్లో దాన్ని బ్లాంక్ అంటారు. ఆ రోజు బోరింగు దగ్గర నా సంచిలో ఆ మూడో సీసా లేదు.