డస్టాఫ్ వైమానికుల రక్షణవిద్య

శత్రుసంహారమునకు లభించెడి కీర్తి ప్రాణరక్షణకు లభించుట అరుదు. అయినను వియత్నాం సమరమందు, గాయపడిన సైనికులను రణభూమినుండి మోసికొనివచ్చుటయే వృత్తిగా గైకొన్న అమెరికా హెలికాప్టరు చోదకులు, 'డస్టాఫ్' అను పిలుపుపేరుతో, శౌర్యచరిత్రమున ఒక విశిష్ట సంప్రదాయమును నెలకొల్పిరి.

దానికి ప్రాణము పోసినవాడు మేజర్ చార్లెస్ కెల్లీ. అంబులెన్సు హెలికాప్టర్లను ఇతర సైనికకార్యములకు మళ్లింపవలెనని పై అధికారులు కొందరు తలపోయుచుండగా, ఆతడు రాత్రివేళలందు సైతము మెకాంగ్ డెల్టాపై తిరిగి క్షతగాత్రులను చేర్చుచు, వాని ఆవశ్యకతను సేవచేతనే నిరూపించెను. 1964 జూలై 1న విన్ లాంగ్ సమీపమున, కాల్పులు తీవ్రముగానున్నవి వెనుదిరుగుమని నేలనుండి హెచ్చరిక వచ్చినను, క్షతగాత్రులను ఎక్కించుకొనిన గాని కదలనని బదులు చెప్పి, అంతలోనే తూటా తగిలి ఆతడు అసువులు బాసెను. ఆ మాటయే అనుచరులకు శాసనమయ్యెను.

ఆ శాసనమును నెరవేర్చుటకు ధైర్యముతోపాటు విద్యయు కావలసియుండెను. హెలికాప్టరు చోదకుని ఎడమచేయి యంత్రము లేచుటను, దిగుటను, కుడిచేయి గమనదిశను, పాదములు తోకరెక్క ద్వారా ముఖము తిరుగుటను నియమించును. ఒకదానిని కదల్చినచో తక్కినవానిని వెంటనే సవరింపవలెను. నేలకు జేరువగా నిలిచిన యంత్రము తుపాకికి సులభలక్ష్యము గనుక, వడిగా దిగుట, క్షతగాత్రులెక్కినంతనే లేచుట వారి విధానము. ఇరువురు చోదకులు, యంత్రనిపుణుడు, వైద్యసహాయకుడు ఏకమనస్కులై మెలగినగాని అది సాధ్యము కాదు.

కెల్లీ క్రింద పనిచేసిన ప్యాట్రిక్ బ్రేడీ, 1968 జనవరి 6న చూలాయ్ ప్రాంతమున ఈ విద్యకు పరాకాష్ఠ చూపెను. దట్టమైన పొగమంచు లోయను కప్పివేయగా, ఆతడు హెలికాప్టరును పక్కవాటుగా తిప్పి, రెక్కలగాలితో మంచును చెదరగొట్టుచు, కాలిబాట వెంబడి మెల్లమెల్లగా సాగి, ఇరుకైన చోట దిగి, ఇద్దరు దక్షిణ వియత్నాం సైనికులను తెచ్చెను. పిమ్మట, అంతకుముందే రెండు హెలికాప్టర్లు కూలిన మరొక స్థలమునకు, శత్రువులు 50 మీటర్ల దూరమున పొంచియుండగా, నాలుగుమారులు పోయి క్షతగాత్రులనందరిని రక్షించెను. తరువాతి యాత్రలో నియంత్రణసాధనములు కొంత ధ్వంసమైనను మరల పోయెను. మందుపాతరల నేలలో ఒకటి ప్రేలి తన సిబ్బందిలో ఇద్దరు గాయపడినను, ఆరుగురిని వైద్యులకడకు చేర్చెను. ఆనాడు మూడు హెలికాప్టర్లు మార్చి ఆతడు కాపాడినవారు 51 మంది. 1969లో అమెరికా అత్యున్నత సైనికపురస్కారమగు మెడల్ ఆఫ్ ఆనర్ ఆతనిని వరించెను.

నేర్పు లేని తెగువ ఆ హెలికాప్టరును లోయగోడకు ఢీకొట్టించెడిది. తెగువ లేని నేర్పు మంచు విడిపోవువరకు వేచియుండెడిది. రెండింటను క్షతగాత్రునకు మరణమే. ఆ యుద్ధము న్యాయమైనదా కాదా అను వివాదము నేటికిని తీరలేదు. ఈ చోదకులు చేసిన పనియందు మాత్రము వివాదమునకు తావు లేదు. వీరచరిత్రలు వ్రాయువారు చంపినవారి లెక్కతోపాటు బ్రతికించినవారి లెక్కను గూడ ఆదరముతో వ్రాయుదురు గాక.